గాలి వచ్చే వైపు

"కిజిరి తీసేస్తే సరిపోతుంది" అన్నాడు మా ఆయన, కొలబద్ద మడిచి నడుంపట్టీలో దోపుకుంటూ.

నేనప్పుడు వంటింటి మట్టినేల మీద గొంతుక్కూర్చుని, చేతులు మోచేతుల దాకా చన్నీళ్ళలో ముంచి, ఊరబెట్టాల్సిన ముల్లంగులు పీచుతో రుద్దుతున్నాను. వరికోతలు అయిపోయాయి. కొండల మీద మొదటి మంచు కనపడింది. ఏటా ఆ రోజుల్లోనే ఊరి అగ్నిమాపక దళం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలు చూసి పోతారు. మా ఇంటికి వచ్చిన ఒయికావా గారు, మా కట్టెల పొయ్యి తలుపు ముందు చెక్కనేల మీద పడ్డ నల్లమచ్చల్ని వంగి లెక్కపెట్టాడు. "ఏడున్నాయి ఎయికిచీ. పోయిన చలికాలం ఇల్లు తగలబడలేదంటే మీ అదృష్టం. తలుపు ముందు ఇంకో మూరన్నర గద్దె పెంచు. ఇటుకలు పరుచు, రాళ్ళు పరుచు, నీ ఇష్టం. ఆ మూరన్నరలో మాత్రం చెక్కముక్క ఉండకూడదు" అన్నాడు మా ఆయనతో. ఆ మూరన్నరే కిజిరి. నేను కూర్చునే చోటు.

"మరి ఇంటావిడ ఎక్కడ కూర్చుంటుంది?" ఒయికావా గారు మర్యాదకి అడిగాడు.

మా ఆయన నవ్వాడు. "అది ఎప్పుడు కూచుంది గనక."

మా అత్తగారు కూడా నవ్వింది. ఒయికావా గారు నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశాడు. పాపం పెద్దమనిషి ఇబ్బంది పడుతున్నాడని నేనూ నవ్వాను. తడిచేతులు ఒళ్ళో తుడుచుకుంటూ, అవునన్నట్టు తలాడించి మరీ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజున మా మామగారు పొయ్యి చుట్టూ ఉన్న నాలుగు చోట్లూ పొగాకు గొట్టంతో చూపించి చెప్పాడు. లోపలి గోడ వైపు ఉన్నది యొకోజా, అది యజమానిది. దానికి ఎడమ పక్కది ఇల్లాలిది, కుడి పక్కది వచ్చేపోయే వాళ్ళది. వంటింటి మట్టినేల పక్కన, కట్టెలు పేర్చే చివర ఉన్నది కిజిరి. "అది కోడలి చోటు. నీదే" అన్నాడు, ఏదో ఆస్తి రాసిస్తున్నట్టు. పద్దెనిమిదేళ్ళ దాన్ని. ఆ మాటకి సంతోషించాను కూడా. అప్పట్లో ఇంట్లో పొయ్యంటే నేలలో చదరంగా దింపిన నిప్పు, పైనుంచి గొలుసుకి వేలాడే ఇనపకుండ. పొగంతా కిజిరి వైపే వచ్చేది. వీపు వెనక గోడ అడుగున చెక్కల సందులోంచి గాలి కోసేది. ముందు కళ్ళు మండేవి, వెనక వెన్ను బిగుసుకుపోయేది. ఒకసారి ధైర్యం చేసి గాలి సంగతి ఎత్తితే మామగారు, "వీపుకి గాలి తగిలితేనే కోడలు కునుకు తీయకుండా పనిచేస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఇంట్లో ఎంత నవ్వుకుంటామో లెక్కలేదు.

మామగారు పోయాడు. మా ఆయన యొకోజాలోకి జరిగాడు. లెక్కప్రకారం ఇల్లాలి చోటు నాకు రావాలి. కానీ అన్నం వడ్డించే గరిటె మా అత్తగారు ఇంకా నా చేతికి ఇవ్వలేదు. గరిటె ఎక్కడుంటే చోటు అక్కడ. నాలుగేళ్ళ క్రితం మా ఆయన టోక్యో పనుల నుంచి తిరిగొస్తూ రేకు పొయ్యి తెచ్చాడు. దానికి పొగగొట్టం ఉంది, పొగ బయటికి పోతుంది. ఊళ్ళో ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చి, నీ కష్టాలు గట్టెక్కాయి అన్నారు. పాత గుంటలోని బూడిద మీదే దాన్ని నిలబెట్టారు. కట్టెలు ఇటే ఉన్నాయి గనక తలుపు కూడా ఇటే తిప్పారు. తలుపు తెరిచినప్పుడల్లా నిప్పురవ్వలు ఎగిరి పడేవి. నేల మీద పడ్డవి ఏడు. నా బట్టల మీద ఎన్ని పడ్డాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇక చలికాలం సంగతి. మంచు పడ్డాక పొలాల్లో పనుండదు. మా ఊరి మగవాళ్ళంతా నవంబరులో టోక్యో వైపు సొరంగాల పనికో, కట్టడాల పనికో వెళ్ళిపోయి ఏప్రిల్లో తిరిగొస్తారు. ఆ ఐదు నెలలూ యొకోజాలో ఉండేది మా ఆయన కూర్చునే బొంత ఒక్కటే. దాని మీద ఎవరూ కూర్చోకూడదు. రోజూ పొద్దున్నే మా అత్తగారు దాని ముందు మూతగిన్నెలో వేడి అన్నం పెడుతుంది, దూరాన ఉన్నవాడు ఆకలితో ఉండకూడదని. కాసేపయ్యాక మూత తీసి చూస్తుంది. మూత లోపల నీటిచుక్కలుంటే కొడుకు క్షేమం. ఆ తర్వాత చల్లారిన ఆ అన్నం నేను తింటాను. ఇంట్లోకెల్లా వెచ్చటి చోట, చలి ఎక్కువగా ఉన్న ఐదు నెలలూ ఒక బొంత వెచ్చగా కూర్చునేది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అది నాకు వింతగా తోచలేదు. దాని మీద బూడిద పడకుండా చూసుకోవడం మాత్రమే నాకు తెలుసు.

మొన్న వసంతంలో మా అమ్మాయి సయోకి కనుమ అవతలి ఊళ్ళో పెళ్ళి చేశాం. వెళ్ళేముందు దానికి వీపు వైపు దూది ఎక్కువ పెట్టి ఒక లోచొక్కా కుట్టిచ్చాను. నాకున్న దానికంటే రెండు పొరలు ఎక్కువ. "చలికాలం ఇది లోపల వేసుకో" అన్నాను. అది ఎందుకని అడగలేదు, నేను చెప్పలేదు. ఇరవై మూడేళ్ళ సంసారంలోంచి కన్నకూతురికి నేను ఇవ్వగలిగింది ఆ దూదే.

ఒయికావా గారు వచ్చి వెళ్ళిన సాయంత్రం నేను మా ఆయనతో, "గద్దె ఎలాగూ పెంచుతున్నారు కదా, గాలి సందులు కూడా చూడండి" అన్నాను.

"గాలా? ఏం గాలి?" యొకోజాలో కూర్చుని వెనక గోడ తట్టి చూశాడు. "నాకేం తగలట్లేదే. నీకు వయసు మీద పడుతోంది."

నేను లోపలికి వెళ్ళి ఒక అగరొత్తి వెలిగించి తెచ్చాను. "పెద్దల ముందు వెలిగించేది అది. గాలిని వెతకడానికా?" అని మా అత్తగారు గొణుగుతూనే ఉంది. యొకోజా దగ్గర పట్టుకుంటే పొగ నిటారుగా పైకి పోయింది. ఇల్లాలి చోటు దగ్గర కొంచెం వంగింది. కిజిరికి వచ్చేసరికి పడుకుని, నేల వెంబడి పొయ్యి తలుపు వైపు పరిగెత్తింది. మా ఆయన చాలాసేపు చూశాడు. చెడ్డవాడేం కాదు, పని కనపడితే ఊరుకోలేడు. మర్నాడు, ఆ మర్నాడు కూర్చుని ఇంట్లో సందులన్నీ పూడ్చాడు. నేను పిండి ఉడికించి జిగురు చేసి ఇచ్చాను. కిటికీలకి పాత వార్తాపత్రికల కాగితం అతికించాడు, గోడ చెక్కల మధ్య గడ్డితాడు కూరి బంకమట్టి మెత్తాడు. కిజిరి వెనకున్న పెద్ద సందులో నా పాత చిరిగిన బట్టలు కుక్కాడు. పొరుగింటాయనని పిలిచి, ఇల్లు పెట్టెలా బిగించేశానని చూపించుకున్నాడు.

మూడో రోజు పొద్దున పొయ్యి అంటిస్తే పొగ గొట్టంలోకి పోకుండా గదిలోకి తన్నుకొచ్చింది. మా అత్తగారు దగ్గుతూ బయటికి పరిగెత్తింది. మా ఆయన గొట్టం తట్టాడు, బూడిద తోడాడు, నేను పచ్చికట్టెలు పెట్టానని తిట్టాడు. చివరికి ఏదో తట్టి, కిజిరి వెనక సందులో కుక్కిన బట్టల్ని కాలితో బయటికి లాగాడు. అంతే, నిప్పు గుప్పుమని లేచింది. పొగంతా గొట్టంలోకి పోయింది.

"చూశావా. పొయ్యికి గాలి కావాలి. ఈ సందు మాత్రం మూయకూడదు. ఉండనీ, ఇక్కడ ఎటూ ఎవరూ కూర్చోరు కదా ఇప్పుడు" అన్నాడు సంతోషంగా.

నేను చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. గాలి ఇంట్లోకి దారితప్పి వచ్చిందనుకున్నాను ఇన్నాళ్ళూ. పాత ఇల్లు, పాత చెక్కలు, ఎవరి తప్పూ లేదనుకున్నాను. అది కాదు. వాళ్ళ మొహాలకి తగిలే వేడి పుట్టడానికి పొయ్యి గాలి పీల్చాలి. పీల్చేది ఈ సందులోంచి. సందుకీ పొయ్యికీ మధ్య నన్ను కూర్చోబెట్టారు. నా వీపు మీదుగా పోయిన చలే వాళ్ళ వెచ్చదనం. ఎవరూ కావాలని చేయలేదని నాకు తెలుసు. కావాలని చేసి ఉంటే ఎవరో ఒకరితో పోట్లాడేదాన్ని.

పని మొదలుపెట్టి కిజిరి చెక్కలు రెండు పీకాడో లేదో, సొరంగం పని ముందే మొదలవుతోంది, వెంటనే రమ్మని మేస్త్రీ దగ్గర నుంచి కబురు వచ్చింది. పీకిన చెక్కలు గోడకి ఆనించి మూట సర్దుకున్నాడు. "ఏప్రిల్లో వచ్చి పూర్తి చేస్తా. అప్పటిదాకా తలుపు ముందు ఒక రేకు వేసి సర్దుకో" అన్నాడు. నన్ను ఎక్కడ సర్దుకోమన్నాడో చెప్పలేదు. బస్సు దాకా వెళ్ళి మూట అందించి వచ్చాను.

ఆరు రోజులు వంటింట్లో నిలబడి తిన్నాను. నేను కింద మట్టినేల మీద, మా అత్తగారు పైన చెక్కనేల మీద. ఏడో రోజు మా అత్తగారు, "అట్లా గుర్రంలా నిలబడి తింటావేమే, మట్టినేల మీద పీట వేసుకో" అంది. కోపంతో కాదు, దయగానే అంది. ఆ దయకే నాకు భయం వేసింది. ఈ చలికాలం పీట మీద గడిస్తే వచ్చే చలికాలానికి అది నా చోటయిపోతుంది. ఇంకో ఏడాదికి ఇంటికొచ్చిన వాళ్ళకి పొగాకు గొట్టంతో చూపించి చెబుతారు. ఈ ఇంట్లో నిప్పు దగ్గర నాకింత చోటు ఉంటుందా, ఉండదా అన్నది ఆ వారంలో తేలిపోవాల్సిన సంగతి అని నాకు స్పష్టంగా అర్థమయింది. అన్నం గిన్నె కింద పెట్టి పొయ్యి వైపు చూశాను. యొకోజాలో బొంత, బొంత ముందు మూతగిన్నె. అక్కడ కూర్చునేవాళ్ళు ఎవరూ లేరు. గద్దె పెంచాల్సింది తలుపు ముందు. తలుపు ఎటు ఉండాలో అగ్నిమాపక దళం వాళ్ళు చెప్పలేదు.

మర్నాటి నుంచి సరంజామా చేర్చాను. కూలిపోయిన పొగాకు కొట్టం నుంచి ఇటుకలు వీపున మోసుకొచ్చాను. వరిమడి గట్టు తవ్వి బంకమట్టి తెచ్చాను. మడుల్లోంచి నీరు పోవడానికి పాతిపెట్టే మట్టిగొట్టాలు రెండు మిగిలుంటే అవి కూడా తెచ్చాను. మా నాన్న కొండ మీద బొగ్గు కాల్చేవాడు. ఈ ఇంట్లో నన్ను కోపం వచ్చినప్పుడు బొగ్గులపిల్ల అంటారు. బట్టీ కట్టేటప్పుడు మా నాన్న గోడంతా మట్టితో మెత్తి, అడుగున ఒకే ఒక్క గాలికన్ను వదిలేవాడు. నిప్పుకి ఎంత గాలి కావాలో మట్టిపెళ్ళతో ఆ కన్ను మూసీ తెరిచీ ఇచ్చేవాడు. పొయ్యికి గాలి కావాలంటే కోడలి వీపు మీదుగానే రానక్కర్లేదు. చెక్కనేల కింద బోలెడు గాలుంది. కొత్త గద్దె మట్టిలో గొట్టం పరిచి నేరుగా పొయ్యి తలుపు కిందికి తెస్తే చాలు.

రంపం పట్టుకుని యొకోజా దగ్గరికి వచ్చేసరికి మా అత్తగారికి అర్థమయింది. లేచి వచ్చి, మూతగిన్నె పక్కకి జరిపి, ఆ బొంత మీద కూర్చుంది. యాభై నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్న మనిషి, పుట్టాక మొదటిసారి యొకోజాలో కూర్చుంది.

"ఇప్పుడు కొయ్యి" అంది.

నేను రంపం కింద పెట్టాను.

"మగాడు ఊళ్ళో లేనప్పుడు వాడి చోటు పీకుతావా? వాడు కొండ కడుపులో పనిచేస్తున్నాడే. ఏమన్నా అయితే? అన్నం ఎక్కడ పెట్టాలి నేను? బొగ్గులపిల్లకి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయిలే."

నాకూ భయంగానే ఉంది. సొరంగంలో ఉన్న మనిషి మీద నాకు ప్రేమ లేదని కాదు. వెళ్ళి, గోడకి ఆనించిన కిజిరి చెక్కలు రెండూ తెచ్చి వాటి చోట మళ్ళీ పరిచి మేకులు కొట్టాను. తర్వాత పొయ్యిలో కట్టెలు వేశాను. ఆమె లేవలేదు. నేను ముల్లంగుల మీద ఉప్పు చల్లాను, తొట్టి మీద రాయి పెట్టాను, ఆవు కింద గడ్డి మార్చి వచ్చాను. మధ్యాహ్నం అయింది. ఆమె అట్లాగే కూర్చుని ఉంది. కానీ తలకి చుట్టుకున్న బట్ట విప్పేసింది. మెడ దగ్గర చొక్కా వదులు చేసుకుంది.

"ఇక్కడ గాలి లేదు" అంది, నన్ను కాకుండా గోడని చూస్తూ.

"లేదు."

"అసలు లేదు."

"ఆ రోజు అగరొత్తి పెట్టి చూపించానుగా అత్తయ్యా."

"పొగని చూశానే. కూర్చోలేదుగా."

అరచేత్తో నడుం రాసుకుంది. తర్వాత, "ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చున్నాను కిజిరిలో. నడుం పట్టేసిందంటే మీ మామ నన్ను ఎందుకని అడిగాడు. ముసలితనం అన్నాను. అప్పుడు నాకు ముప్ఫై నాలుగు" అంది. ఆ తర్వాత మెల్లిగా, "ఇక్కడ ఇంత వెచ్చగా కూర్చుని, మనకి చలి ఏంటని అడిగేవాడు. నిజంగానే తెలిసుండదే ఆయనకి" అంది. అది మామగారిని వెనకేసుకు రావడమో, తిట్టడమో నాకు తెలియలేదు. ఆమెకీ తెలిసినట్టు లేదు.

"అన్నం గిన్నె మీ పక్కన పెట్టుకోండి. మీ కొడుకేగా" అన్నాను.

ఆమె రెండు చేతులూ మోకాళ్ళ మీద మోపి లేచింది. బొంత తీసి దులిపింది, తన చోటు పక్కన పరిచింది, గిన్నె తెచ్చి దాని ముందు పెట్టింది. గిన్నె మూత తీసి చూసి మళ్ళీ పెట్టింది.

"కొయ్యి. వంకర పోకుండా కొయ్యి" అంది.

మూడు రోజులు పొయ్యి ఆర్పి పనిచేశాం. ఆ మూడు రోజులూ ఇంట్లో నీళ్ళు గడ్డకట్టాయి, ఇద్దరం ఒకే దుప్పటిలో పడుకున్నాం. చెక్కలు కోసి తీశాను. రాళ్ళు పోసి దిమ్మిస కొట్టాను. గొట్టాలు పరిచి, చుట్టూ గడ్డి కలిపిన మట్టి మెత్తి, పైన ఇటుకలు పేర్చాను. వాలు ఎటుందో చూడ్డానికి పళ్ళెంలో నీళ్ళు పోసి పెడితే, మా అత్తగారు వంగి చూసి "తూర్పు ఎత్తు" అంటూ ఉండేది. గొట్టం నోటికి ఒక పెంకు మూతగా పెట్టాను. ఇద్దరం చెరోవైపు పట్టి పొయ్యిని ఎత్తి తిప్పాం. పొగగొట్టం వంపు కూడా తిప్పి బిగించాను. ఆఖరున నా చోటు వెనకున్న సందులో గడ్డితాడు కూరి, బంకమట్టితో మెత్తి, అరచేత్తో నున్నగా రుద్దాను. ఆ ఒక్కటి నేనే చేయాలనుకున్నాను.

నిప్పు పెట్టాక ఇద్దరం వంగి చూశాం. ముందు కొంచెం పొగ బయటికి వచ్చింది. పెంకు జరిపాను. గొట్టంలోంచి గాలి ఈల వేసింది, మంట నీలంగా మారి లోపలికి పోయింది. కిటికీ కాగితాలు కదల్లేదు. అప్పుడు వెళ్ళి నా చోట కూర్చున్నాను. చేతిలో ఏమీ పట్టుకోకుండా కూర్చున్నాను. కాసేపటికి వీపు వదులైంది. ఇరవై మూడేళ్ళుగా బిగించి ఉంచానని అది వదులైతే గాని తెలియలేదు. ఏడుపొచ్చింది. కనుమ అవతల ఈ వేళప్పుడు ఒకతి ఎటు వీపు పెట్టి కూర్చుందో గుర్తొచ్చి ఇంకా ఏడ్చాను. మా అత్తగారు వచ్చి తన చోట కూర్చుంది.

"మరి కట్టెలెవరు వెయ్యాలే ఇప్పుడు? తలుపు అటు పోయిందిగా" అంది కొంతసేపటికి.

"చలేసిన వాళ్ళు."

ఆమె నోట్లో ఏదో గొణుక్కుంటూ లేచింది. కట్టెల దగ్గరికి వెళ్ళి ఒకటి ఎంచుకుని, పొయ్యి చుట్టూ తిరిగి వచ్చి, తలుపు తీసి లోపలికి తోసింది. రవ్వలు నాలుగు ఎగిరి కొత్త ఇటుకల మీద పడి ఆరిపోయాయి.

మర్నాడు భోజనాలయ్యాక మా ఆయనకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఆ ఉత్తరాలు మా అత్తగారు చెబితే నేను రాసేదాన్ని. ఆమె అలవాటుగా మొదలుపెట్టింది. "అందరం క్షేమం అని రాయి. మంచు మోకాలి దాకా పడిందని రాయి. ఒళ్ళు జాగ్రత్త అని రాయి." అవన్నీ రాశాను. ఇంకేమన్నా ఉందా అని అడిగాను. ఆమె పొయ్యి వైపు చూసి, నా వైపు చూసి, "మిగతాది నువ్వు రాయి" అంది.

నేను రాశాను. "మీ చోటు తీసేశాం. ఇల్లు వెచ్చగా ఉంది."